తొమ్మిదో పద్దు

చెల్లాయికి,

అక్క దీవెనలు. ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువుకో. మరిదిగారికి వినిపించకు. ఆయన ప్రతిదానికీ నవ్వుతారు, ఈ సంగతికి నవ్వితే నేను తట్టుకోలేను.

ముందు నవ్వుకునే మాటే రాస్తాను. ఈ దేశం వచ్చాక నాకు తిండి యావ పట్టుకుంది. మేముండే భవనం కింద రొట్టెల దుకాణం ఉంది. పొద్దున పొయ్యి వెలిగించగానే ఆ వాసన మూడు అంతస్తులు మెట్లెక్కి వచ్చి మా తలుపు దగ్గర నిలబడుతుంది. మొదటి వారం ముక్కు మూసుకున్నాను. రెండో వారం మనవరాలు బుడ్డిదాన్ని బండిలో పడుకోబెట్టుకుని కిందికి దిగాను. తేనె రాసిన బన్ను ఒకటుంది, పైన కరకర, లోపల దూది. ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చిన తీపి రొట్టె ఒకటి. వేడిమీద తింటే పులుపూ తీపీ కలిసి నాలుక కిందికి జారతాయి. దుకాణం ఆవిడకు నా మాట రాదు, నాకు ఆవిడ మాట రాదు. మోచేతుల దాకా పిండే కాబట్టి ఆవిడకు పిండిచేతులావిడ అని పేరు పెట్టుకున్నాను. నేను వేలు చూపిస్తాను, ఆవిడ సగానికి కోసి ఇస్తుంది. నేనెప్పుడూ అక్కడ సగం తిని, మిగతా సగం కాగితంలో చుట్టి తెచ్చుకుని సాయంత్రం టీతో తింటానని ఆవిడకు తెలిసిపోయింది.

వారానికి రెండే. నా వయసుకు అంతకంటే కూడదని నేనే పెట్టుకున్న కట్టడి. అందుకని అమ్మాయి ఉద్యోగంలో మళ్లీ చేరిన రోజునే వంటింట్లో ఫ్రిజ్ పక్కన మేకుకు ఒక పుస్తకం వేలాడదీశాను. తిన్న రోజు, తిన్నది, ఎంత తిన్నదీ రాస్తాను. మా ఇంట్లో చిరుతిళ్ల డబ్బా మూత లోపల నేను అంటించిన కాగితం నీకు గుర్తుండే ఉంటుంది. నువ్వూ ఒకసారి రాయకుండా తిని నాచేత చీవాట్లు తిన్నావు.

ఇప్పుడు అసలు సంగతి. నిన్నటికి ఆరు వారాలైంది కదా అని పద్దులు కూడి చూశాను. పన్నెండు ఉండాలి. పదిహేడు ఉన్నాయి.

మూడుసార్లు లెక్కపెట్టాను. ఐదు పద్దులు నేను రాసినట్టు గుర్తు లేదు, తిన్నట్టూ గుర్తు లేదు. కానీ దస్తూరి నాదే. నలభై ఏళ్లు డబుల్ రూళ్ల పుస్తకాల్లో పిల్లలచేత దిద్దించిన ఆ తలకట్టు, ఆ సున్నా గుండ్రం, నాది కాదని ఎలా అనను? అల్లుడు వారానికి రెండు రోజులే ఇంట్లో ఉంటాడు, పైగా అతని రాత కోడి కెలికినట్టుంటుంది. అమ్మాయికి కాన్పు తర్వాత డాక్టరమ్మ తీపి ముట్టవద్దంది. చక్కెర డబ్బా నేనే అటక ఎక్కించాను. నా మాట జవదాటే పిల్ల కాదు. ఇక మిగిలింది నేను.

చెల్లీ, అమ్మ గుర్తుకొస్తోంది. చెయ్యి కడుక్కుని వచ్చి, "ఈ ఇంట్లో నాకు ముద్ద పెట్టేవాళ్లే లేరా?" అని మన ఇద్దరినీ అడిగేది. మూతికి మెతుకులు అలాగే ఉండేవి.

నీ
అక్క

*

చెల్లాయికి,

నీ జవాబు అందింది. "వయసైతే అందరం మరిచిపోతాం అక్కా" అని రాశావు. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని వెతుక్కోవడం మరుపు. తిన్న తిండి తెలియకపోవడం వేరు. అమ్మను మనిద్దరం చూశాం, నాకు సర్దిచెప్పకు.

ఆ రోజునుంచి దుకాణానికి వెళ్లకూడదని ఒట్టు పెట్టుకున్నాను. పొద్దున లేవగానే పంతొమ్మిదో ఎక్కం పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చెప్పుకుంటున్నాను. తప్పు పోలేదు. నేను పాఠం చెప్పిన మొదటి తరగతి హాజరుపట్టీ పేర్లన్నీ వరసగా వచ్చాయి. ధైర్యం తెచ్చుకుని పుస్తకం దగ్గరికి వెళ్తే కొత్త పద్దు కనబడింది: "గురువారం. తేనె బన్ను. ఒకటి."

పది రోజుల్లో నాలుగు పద్దులు వచ్చాయి. మొత్తం తొమ్మిది. చివరిది నిన్నటిది: "ఆపిల్ రొట్టె. సగం." ఇవాళ స్వెటర్ జేబులో చెయ్యి పెడితే దుకాణం కాగితం తగిలింది. విప్పి చూశాను. ఆ మిగిలిన సగం అందులోనే ఉంది.

చెల్లీ, నా భయం నా గురించి కాదు. పొద్దున ఎనిమిదినుంచి సాయంత్రం ఆరు దాకా ఈ ఇంట్లో నేనూ, ఏడు నెలల పిల్లా. పదకొండింటికి టబ్బులో స్నానం చేయిస్తాను. తువ్వాలు మరిచిపోయి పక్క గదిలోకి వెళ్లి, ఎందుకు వెళ్లానో మరిచిపోతే? ఈ నాలుగు రోజులుగా టబ్బు వాడలేదు. తడిగుడ్డతో తుడిచి ఊరుకుంటున్నాను. బుడ్డిది నీళ్లకోసం చేతులు చాచి ఏడుస్తోంది. పొయ్యి ఆపానా లేదా అని ఐదుసార్లు చూస్తున్నాను. పిల్లను ఎత్తుకుని కిటికీ దగ్గరికి వెళ్లడం మానేశాను.

అమ్మాయి కనిపెట్టింది.

"అలా ఉన్నావేంటమ్మా? ఒంట్లో బాలేదా?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను."

"మరి పొద్దస్తమానం ఆ పుస్తకం కేసి ఎందుకలా చూస్తావు?"

నేను పొయ్యి చూసే నెపంతో లేచాను. అది తల దించుకుని గదిలోకి వెళ్లిపోయింది. దానికీ తెలిసిపోయినట్టుంది. తల్లి మతి తప్పుతోందని ఏ పిల్ల మాత్రం మొహం మీద అంటుంది?

ఆదివారం చెప్పేస్తాను. వచ్చేస్తాను. నీ ఇంట్లో వెనక గది ఖాళీ చేయించు. తలుపుకు లోపల గడియ ఉంటే తీయించు.

నీ
అక్క

*

చెల్లాయికి,

వెనక గది ఖాళీ చేయించవద్దు. చేయిస్తే మళ్లీ సామాను పెట్టేయి. ఇప్పుడు మొదటినుంచి రాస్తాను.

ఆదివారం సాయంత్రం అల్లుడు పిల్లను ఎత్తుకుని గదిలో తిప్పుతున్నాడు. నేనూ అమ్మాయీ వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నాం. "నాకు టిక్కెట్టు తీయించు. ఈ నెలలోనే వెళ్లిపోతాను" అన్నాను. ముందే నాలుగుసార్లు అనుకుని ఉంచుకున్న మాట.

అది నా మొహంలోకి చూసి బావురుమంది. నలభైకి దగ్గర పడిన మనిషి చెల్లీ, ఆఫీసులో పదిమందిచేత పని చేయించే మనిషి.

"ఎనిమిది బన్నులు తిన్నందుకు వెళ్లిపోతావా అమ్మా?"

నాకు అర్థం కాలేదు. "ఎవరు తిన్నారే?"

"నేనే. ఆఫీసునుంచి వస్తూ మెట్లమీదే తినేస్తున్నాను. డాక్టరమ్మ వద్దందని తెలుసు. కానీ వాసన చంపేస్తోంది. రాయకుండా మాత్రం ఒక్కటి తినలేదు. ఒట్టు."

"నా పుస్తకంలో నువ్వెందుకు రాశావు?"

"నీ పుస్తకమేంటి! నేను ఉద్యోగంలో చేరిన రోజే కదా వేలాడదీశావు. పైన నీవి రాసి పెట్టావు. నేను తింటున్నట్టు కనిపెట్టి, తిట్టకుండా పుస్తకం పెట్టావనుకున్నాను. ఇంట్లో డబ్బా మూతలాగే. నువ్వు రోజూ దాన్ని చూసి మొహం మాడ్చుకుంటుంటే, తిట్లు ఇవాళ పడతాయి, రేపు పడతాయి అని నా గుండె పీచుపీచుమంటోంది."

అది ఇరవై ఏళ్లుగా కంప్యూటర్ మీటలు నొక్కడమే తప్ప కలం పట్టడం నేను చూడలేదు. దానికి దిద్దించింది నేనేనన్న సంగతి నాకే తట్టలేదు. ఐదో ఏట వేళ్లమీద స్కేలుతో కొట్టి నేర్పిన దస్తూరి చెక్కు చెదరకుండా ఉంది. నేను నవ్వాను, ఏడ్చాను, దాని వీపుమీద ఒక్కటి వేశాను. ఎందుకు వెళ్లిపోతానన్నానో అప్పుడు చెప్పాను. అమ్మమ్మ సంగతి దానికి గుర్తే. నన్ను పట్టుకుని చాలాసేపు వదలలేదు.

అక్కడితో ఆపవచ్చు. కానీ లెక్క కుదరకుండా పుస్తకం మూసే అలవాటు నాకు లేదని నీకు తెలుసు.

"ఎనిమిదేంటే? తొమ్మిది ఉన్నాయి."

"ఎనిమిదేనమ్మా."

ఇద్దరం పుస్తకం తెచ్చి బల్లమీద పెట్టుకున్నాం. తనవి ఒక్కొక్కటీ వేలుపెట్టి చూపించింది. చివరిది దగ్గర ఆగిపోయింది. "ఇది నాది కాదు. నేనెప్పుడైనా సగం తిని ఆపిన పాపాన పోయానా?"

మర్నాడు అది సెలవు పెట్టింది. ముగ్గురం కిందికి దిగాం. ఆ సగం రొట్టె సంగతి నేను అడగమంటే అమ్మాయి అడిగింది. పిండిచేతులావిడ చేతులు తుడుచుకుని, నన్నే చూస్తూ, నెమ్మదిగా చెప్పింది. అది తెలుగులో చెప్పడానికి అమ్మాయి తటపటాయించింది. "ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాను.

"వచ్చావట అమ్మా ఆ రోజు. సగం తిని సగం చుట్టించుకున్నావట. చాలా ఇష్టంగా తిన్నావట."

"పిల్ల?"

"బండిలోనే ఉందట. బెల్టు పెట్టావో లేదో రెండుసార్లు వంగి చూసుకున్నావట. చలిగా ఉందని నీ శాలువా తీసి దానికి కప్పావట."

ఆ ఉదయం నాకు ఇప్పటికీ గుర్తు లేదు చెల్లీ. ఎంత తవ్వినా లేదు. ఎనిమిది పోయాయని సంతోషించాలో, ఒకటి మిగిలిందని భయపడాలో తెలియలేదు. రెండూ చేస్తున్నాను. కానీ నేను లేని ఆ కాసేపు నా చేతులు పిల్లను చూసుకున్నాయి. తిన్నది రాశాయి కూడా.

బుధవారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం, ఇద్దరమూ చూపించుకోవడానికే. అమ్మాయి నాలుగు రోజులు ఇంటినుంచే పని చేస్తానని అడిగి ఒప్పించుకుంది. ఐదో రోజు అల్లుడు ఇంట్లో ఉండేలా మార్చుకున్నాడు. స్నానం మళ్లీ టబ్బులోనే, కాకపోతే పక్కన ఇంకో మనిషి. వెళ్లిపోతానన్న మాట ఎత్తితే టిక్కెట్టు కాదు, చీవాట్లు పడతాయంది నా కూతురు. పెంపకం నాదే, ఏమనగలను?

పుస్తకంలో నిట్టనిలువుగా గీత గీశాను. ఎడమవైపు నావి, కుడివైపు దానివి. ఆ రోజు దుకాణంలోనే నిలబడి ఆపిల్ రొట్టె ఒకటి తీసుకుని చెరిసగం తిన్నాం. చెబితే నమ్మవు, వేడిమీద తింటే పులుపూ తీపీ కలిసి నాలుక కిందికి జారతాయి.

ఈ మాట నీకు ముందే రాశానా? రాసి ఉంటే రాశావని చెప్పు. మొహమాటపడకు. ఇకమీదట నా ఉత్తరాలన్నీ దాచి పెట్టి, ఒకదానితో ఒకటి సరిచూడడం నీ పని.

నీ
అక్క