ఆరో చీటీ

నేను, కళ్ళజోళ్ళ కొట్టు నడుపుకునే మనిషిని, వయసు అరవై ఎనిమిది, పెళ్ళి చేసుకోలేదు, చేసుకోనందుకు ఏ రోజూ చింతపడలేదు, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా కొట్టు వెనక గదిలో కూర్చుని స్వహస్తాలతో రాసుకుంటున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసిన రెండూ చెల్లవు. మొదటిది మా అన్నయ్య మీద కోపంతో రాశాను, రెండోది జ్వరంలో రాశాను.

నా కుడికంటి చూపు బాగుంది. ఎడమ కంటికి శుక్లం తీశారు. పోయిన నెలలో చెవులు కూడా పరీక్ష చేయించుకున్నాను. మీ వయసులో ఇంత మంచి వినికిడి అరుదమ్మా అని డాక్టరు రాసిచ్చిన కాగితం దీనికి జతచేస్తున్నాను. కళ్ళజోళ్ళావిడకి చెవుల సర్టిఫికెట్టు దేనికండీ అని లాయరు నవ్వాడు. ఎనిమిదో నిబంధన దాకా ఓపిక పట్టమన్నాను.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా మేనకోడలు పండుది. పండు మా అన్నయ్య ఒక్కగానొక్క కూతురు. నిదానస్తురాలు. వాళ్ళ నాన్న పోలికలు ముక్కు దగ్గరే ఆగిపోయాయి, అదృష్టవంతురాలు.

2. నా కొట్టు, దాని వెనక గది, మేడమీద నేనుంటున్న రెండు గదులు, అందులోని సామాను, నా తదనంతరం పండుకే సర్వహక్కులతో చెందవలెను. అమ్ముకున్నా నాకు అభ్యంతరం లేదు. వెనక గదిలో గోడవారగా ఉన్న అయిదు స్టూళ్ళ మీద మాత్రం ఆదివారం సాయంత్రం నాలుగు దాటాక ఎవరూ కూర్చోకూడదు. కొనుక్కునేవాళ్ళకి ఈ సంగతి ముందే చెప్పవలెను.

3. నా గోడ గడియారం పక్క కొట్టు పళ్ళ డాక్టరుకి ఇద్దామనుకున్నాను. సాక్షి సంతకం పెట్టేవాళ్ళకి ఏమీ రాయకూడదట. గడియారం కావాలా, సంతకం పెడతావా అంటే సంతకమే పెడతానన్నాడు గానీ ముఖం చిన్నబోయింది. గడియారం పండు తీసుకుని, తర్వాత తన ఇష్టప్రకారం ఎవరికైనా ఇచ్చుకోవచ్చు.

4. నా రెండు స్పీకర్లలో ఎడమది కవలల్లో పెద్దవాడికి, కుడిది చిన్నవాడికి. ఒకే కడుపున పుట్టి, ఒకే కొట్టులో రేడియోలు బాగుచేస్తూ, నలభై ఏళ్ళుగా ఒక్క పాట మీద కూడా ఏకాభిప్రాయానికి రాని ఘనులు వీళ్ళు. పెద్దవాడికి రికార్డు మీద పాడినదే పాట. చిన్నవాడికి జనం ముందు పాడి, మధ్యలో తీగ తెగితేనే పాట. ఇకమీదట పూర్తిగా వినాలంటే ఇద్దరూ ఒక గదిలో కూర్చోక తప్పదు.

5. లెక్కల మాస్టారికి నా పెద్ద భూతద్దం, ఇత్తడి పిడిది. ముప్ఫై ఏళ్ళు ఆయన కళ్ళకి నంబర్లు చూశాను. ప్రతిసారీ గోడ మీది అక్షరాల్లో చివరి వరస బట్టీపట్టుకొచ్చి గడగడా చెప్పేసేవాడు, నాకు తెలియదనుకుని. మాస్టారూ, ఏడో నిబంధన మిమ్మల్ని బాధపెడుతుంది. పండు దాన్ని మీ పక్కన కూర్చుని మెల్లిగా చదివి వినిపిస్తుంది. నా మీద కోపం వస్తే రానివ్వండి, అందులో న్యాయం ఉంది.

6. ఇప్పుడు రికార్డు సంగతి. బ్యాండు పేరు ఇక్కడ రాయను. రాస్తే దానికి ముందు 'ది' ఉండాలా వద్దా అని కవలలు మళ్ళీ కొట్టుకుంటారు. ఆ రికార్డు నేను కొన్నది, నా మొదటి ఉద్యోగం రోజుల్లో. అట్ట మీద నా పేరు రాసుకున్నాను. మా అన్నయ్య దాని మీదే తన పేరు దిద్దాడు. వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని చూస్తే కిందున్న నా పేరు ఇప్పటికీ కనిపిస్తుంది.

ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు మా అన్నయ్య. జేబులో ఎప్పుడూ ఎర్ర పెన్సిలు. నా రికార్డుతో, నా కొట్టు వెనక గదిలో, నా స్టూళ్ళ మీద తన సంఘం పెట్టుకున్నాడు. ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగింటికి అయిదుగురూ చేరేవాళ్ళు: అన్నయ్య, ప్లంబరు, లెక్కల మాస్టారు, కవలలిద్దరూ. ఏ పాట గొప్పది, దేని తర్వాత ఏది, ఇదే రంధి. పాటలకి వాళ్ళు పెట్టుకున్న పేర్లే ఇక్కడా వాడతాను. మాస్టారికి లిఫ్టు పాట ప్రాణం, పదకొండు నిమిషాలు గిటారు అంతస్తు తర్వాత అంతస్తు ఎక్కుతూనే ఉంటుంది. వందకి తొంభై ఆరు వేసేవాడు. ఆ నాలుగూ ఎందుకు తగ్గించారయ్యా అంటే పల్లవి రెండుసార్లు ఎక్కువ వచ్చిందనేవాడు. అన్నయ్యకీ ప్లంబరుకీ ఉప్పు పాట, డ్రమ్ముకి గోడలు అదిరేది. గోడలో పైపు మోగితేనే అది పాట గురూ, అనేవాడు ప్లంబరు. అన్నయ్యని గురూ అనే పిలిచేవాడు. నన్ను అద్దాలక్క అనేవాడు. వచ్చినప్పుడల్లా చెప్పకుండానే నా కుళాయి చూసి వెళ్ళేవాడు.

ఏటా ఒకసారి ఓట్లు. రహస్య ఓటు, పేర్లు రాయకూడదు. నా కొట్టు చీటీల పుస్తకంలోంచి కాగితాలు చింపి, దొంగ ఓట్లు పడకుండా ఒక్కోదాని మూల అన్నయ్య ఎర్ర టిక్కు పెట్టి పంచేవాడు. టిక్కు లేనిది చెల్లదు. నాకు ఓటు లేదు. ఎందుకు లేదురా అన్నయ్యా అని ఒకసారి అడిగాను. నీకు పాటల గురించి ఏం తెలుసే, లెక్కపెట్టు చాలు, అన్నాడు. అందుకని పాతికేళ్ళు నిలబడి లెక్కపెట్టాను. నిలబడి అని ఎందుకంటున్నానంటే గదిలో ఉన్నవి అయిదు స్టూళ్ళే.

7. ఇది నా నేరం. పదహారేళ్ళ కిందట చివరి ఓటు పెట్టారు. అందులో నెగ్గిన పాటే శాశ్వతంగా మొదటిది, ఇక మార్పు లేదని అందరూ ఒప్పుకున్నారు. ఆ రోజు అన్నయ్య అయిదు బదులు ఆరు చీటీలకి టిక్కు పెట్టాడు. ఆరోది నా ముందు బల్ల మీద పెట్టాడు. అమ్మయ్య, ఇన్నాళ్ళకి, అనుకుని పెన్ను కూడా తీశాను. అన్నయ్య చూసి పకపకా నవ్వాడు. గదిలో తలకాయలు లెక్కపెట్టుకుంటూ పోయానే, నిన్ను కూడా కలిపేశాను, దాన్ని అవతల పారెయ్, అన్నాడు. కవలలూ నవ్వారు. ప్లంబరు నవ్వలేదు. పోనీ గురూ, అక్కనీ ఒకటి వెయ్యనీ, అన్నాడు. అన్నయ్య వినిపించుకోలేదు.

నాకు తలకొట్టేసినట్టయింది. చీటీ పారెయ్యలేదు. లెక్కపెట్టడానికి కొట్టు ముందు భాగంలోకి ఓట్ల డబ్బా పట్టుకెళ్ళి విప్పి చూశాను. ఉప్పుకి మూడు, లిఫ్టుకి రెండు. అన్నయ్యే నెగ్గాడు. నాకూ ఉప్పు పాటే ఇష్టం, ఎవరితోనూ అనలేదు. అయినా కసికొద్దీ ఆ ఆరో చీటీ మీద లిఫ్టు అని రాసి డబ్బాలో వేశాను. ఉప్పు చీటీ ఒకటి తీసి నా పాత కళ్ళజోడు పెట్టెలో దాచాను. అది ప్లంబరుది. కుళాయి బాగుచేసిన చెయ్యి కదా, తడి మరక ఉంది. చేతికి అందినది తీశానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

లిఫ్టు పాట నెగ్గింది. మాస్టారు చిన్నపిల్లాడిలా గంతేశాడు. అన్నయ్య వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. కవలల ఓట్లు ఎప్పుడూ ఒకదానికొకటి చెల్లు. మాస్టారిది ఎటో తెలుసు. తనది తనకి తెలుసు. మిగిలింది ప్లంబరు. వాడి వైపు చూసిన ఆ చూపు నేను మర్చిపోలేను. నేను ఉప్పుకే వేశాను గురూ, అని ప్లంబరు ఎన్నిసార్లు అన్నాడో. మరి లెక్క తప్పుతుందా, అన్నాడు అన్నయ్య. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు వాడితో మాట్లాడలేదు. పండునీ, ప్లంబరు కూతురు బుల్లినీ కలవనివ్వలేదు. ఒకే బెంచీ మీద చదువుకున్న పిల్లలు రోడ్డు మీద ఎదురుపడితే తల తిప్పుకున్నారు. ఏడేళ్ళ కిందట ప్లంబరు పోతే అన్నయ్య చూడ్డానికి కూడా వెళ్ళలేదు. నేను వెళ్ళాను. నోరు విప్పలేదు. పాపిష్టిదాన్ని.

8. ప్లంబరు పోయిన నాలుగో ఆదివారం, పట్టపగలు, వెనక గదిలో రికార్డు పెట్టుకుని విన్నాను. రెండో వైపు ఆఖరి పాట అయిపోయింది. నా ప్లేయరులో ముల్లు దానంతటది లేవదు, ఖాళీ గాడిలో గిర్రుమంటూ తిరుగుతూ ఉంటుంది. నేను లేచేలోపు ఆ గిర్రులోంచి ఎవరో గొంతు సవరించుకున్నారు, రెండుసార్లు. మాట్లాడే ముందు ప్లంబరు అలాగే చేసేవాడు. నేను ఉప్పుకే వేశాను గురూ, అన్నాడు.

పక్క కొట్టులో టీవీ అనుకున్నాను. ఆదివారం దానికి తాళం. ఇంకో రికార్డు పెట్టి చూశాను, ఏమీ లేదు. మళ్ళీ ఇది పెడితే మళ్ళీ అదే మాట. మూడేళ్ళు, ప్రతి ఆదివారం, అదొక్కటే. జవాబిచ్చేవాళ్ళు లేరు. ఒకసారి పండుని పిలిచి వినిపించాను. బరబర తప్ప ఏం లేదత్తయ్యా, అంది.

నాలుగేళ్ళ కిందట అన్నయ్య పోయాడు. ఆ తర్వాత అయిదో ఆదివారం జవాబొచ్చింది. మరి లెక్క తప్పుతుందా, అని. అప్పట్నుంచి వాళ్ళిద్దరూ వాదించుకుంటూనే ఉన్నారు. వేశాను. వెయ్యలేదు. మధ్యలో ఇద్దరూ మర్చిపోయి ఉప్పు పాటలో డ్రమ్ము ఎక్కడ మొదలవుతుందో చెప్పుకుంటారు, నవ్వుకుంటారు కూడా. ఇంతలో ఎవరికో గుర్తొస్తుంది, మళ్ళీ మొదలు. నేను మార్చానురా అన్నయ్యా, నేనే, అని ఎన్నిసార్లు అరిచానో. నా గొంతు వాళ్ళకి చేరదు.

మూడు వారాల కిందట ఇద్దరూ వాదించి వాదించి విసిగిపోయారు. తర్వాత అన్నయ్య అన్నాడు, లెక్కపెట్టినదాన్నే పిలుద్దాం, అని. పాపం, రానీ గురూ, తొందరేముంది, అన్నాడు ప్లంబరు. పోయిన ఆదివారం మాటలు లేవు. నేల మీద స్టూలు ఈడ్చిన చప్పుడు వినిపించింది, ఒక్కటే స్టూలు. నా అయిదూ గోడవారగా కదలకుండా ఉన్నాయి. మర్నాడే లాయరుకి ఫోను చేశాను.

9. ఆ రికార్డు, ప్లేయరుతో సహా, పండుకీ బుల్లికీ ఉమ్మడిగా చెందవలెను. ఒకరి వాటా ఇంకొకరు కొనుక్కోరాదు, పంచుకోరాదు. బుల్లీ, మీ నాన్న మాట తప్పలేదు. ఈ ముక్క నలుగురిలో, నా పేరు చెప్పి, పండు చదవవలెను. పండూ, మీ నాన్న చెడ్డవాడు కాదు, మోసపోయాడు, మోసం చేసింది మీ అత్తయ్య. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఉప్పు పాట వినండి. ఆఖరి పాట అయిన వెంటనే మాత్రం ముల్లు ఎత్తెయ్యండి. గాడి ఖాళీగా తిరగనివ్వకండి.

10. నన్ను సాగనంపేటప్పుడు కళ్ళజోడు పెట్టెలోని ప్లంబరు చీటీ నా కుడి చేతిలో పెట్టి వేళ్ళు మూయవలెను. నా మాట వాళ్ళకి వినపడకపోయినా చేతిలోది చూపించగలనేమో. చూపిస్తే వాళ్ళ తగువు తీరుతుంది. నా సంగతి వాళ్ళ దయ.

అనుబంధం. సంతకాలకి ముందు, పదో నిబంధన కోసం, సాక్షులిద్దరి ఎదుట ఆ పెట్టె తెరిచాను. పదహారేళ్ళుగా తెరవలేదు. మూత కొక్కెం తుప్పుపట్టి పళ్ళ డాక్టరు పట్టకారు తేవలసి వచ్చింది. లోపల ప్లంబరు చీటీ ఉంది, తడి మరకతో సహా. దాని కింద ఇంకొకటి ఉంది. నా పాత చీటీల పుస్తకంలోదే, ఆ పుస్తకం అయిపోయి పన్నెండేళ్ళయింది. దాని మీద ఏమీ రాసిలేదు. మూల ఎర్ర టిక్కు ఉంది.

కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. ఇద్దరినీ కాస్త అటు తిరగమన్నాను. ఈసారి నాకు నచ్చిన పాటే రాసి మడిచాను. పదో నిబంధనలో ప్లంబరు చీటీ అన్నచోట రెండు చీటీలూ అని చదువుకోవలెను.

2019 మార్చి 10, ఆదివారం, సాయంత్రం నాలుగూ పది.

(సంతకం) కళ్ళజోళ్ళ కొట్టు యజమానురాలు

సాక్షులు:

1. మేడమీద పక్క వాటాలో అద్దెకుండే నర్సు. కొట్టు యజమానురాలు నా ఎదుటే, తెలివిలో ఉండి సంతకం చేశారు.

2. పక్క కొట్టు పళ్ళ డాక్టరు. పైన రాసినదంతా నా ఎదుటే జరిగింది. రెండో చీటీ పెట్టెలోంచి తీసి ఆవిడకి అందించింది నేనే. టిక్కు మీద వేలు తగిలితే ఎర్ర పెన్సిలు పొడి నా వేలికి అంటుకుంది.