అన్న దరఖాస్తులో నా గడి

1976 జూన్, మంగళవారం

బాపు ఊపిరితిత్తులు ఇక బొగ్గుబావిలో పనిని తట్టుకోలేవని దవాఖానలో తేల్చేశారు. ఆయన నౌకరి అన్నకు రావాలంటే దరఖాస్తు పెట్టాలి. "ఇంట్ల సదువొచ్చింది నీకే గద బిడ్డా, నువ్వే రాయి" అన్నాడు బాపు.

అన్న చదువు దగ్గర ఏడో తరగతి ఫెయిల్ అని రాశాను. బాపు నౌకరి ఎట్లాగూ తనదేనని బడి మానేసి మూడేళ్లయింది. ఈ కాలనీలో మగపిల్లలంతా అంతే. మా వరుస ఇళ్లలో ఈసారి పదో తరగతి పాసైంది ముగ్గురం. ముగ్గురమూ ఆడపిల్లలమే. ఇక ముందు ఏం చేయాలో ఒక్కరికీ తెలియదు.

కుటుంబసభ్యుల పట్టికలో నా పేరు వచ్చింది. చదువు: పదో తరగతి, ఫస్టుక్లాసు. పక్క గడిలో వృత్తి అని ఉంది.

"ఈడ ఏం రాయాలె బాపూ?" అన్నాను. కాలేజీ మాట ఎత్తుతాడేమోనని ఆశ. ఆయన దగ్గు ఆగేదాకా కలం పట్టుకుని కూర్చున్నాను.

"ఇంటిపని అని రాయి."

చేయి జారి సిరా అలుక్కుపోయింది.

"ఇంకో ఫారం ఇయ్యరు బిడ్డా. జర మంచిగ దిద్దు."

అందంగా దిద్దాను.