కళ్ళజోడు మర

చీపురుపల్లి
సోమవారం

ప్రియమైన బావకి,

ఫోన్ చేసి "లెన్సు మర పడిపోనాది, పంపు" అని ఒక్క మాట చెప్పి పెట్టేశావు. ఎలాంటి మరో అడిగేలోపే లైను తెగిపోయింది. ఎలాగూ మరలు కవరులో పెట్టి పంపాలి కాబట్టి ఈ ఉత్తరం కూడా రాస్తున్నాను. ఫోన్‌లో నీ గొంతు ముందు నా గొంతు లేవదు. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డు రాలేవు.

మర కోసం మన ఫోటో స్టూడియోలో నీ బల్ల సొరుగు తీశాను. తీయకపోయినా బాగుండేది. బీడీ ముక్కలు, ఎలుక పెంటికలు, వాటి మధ్య ఎండిపోయిన బల్లి ఒకటి. దాని తోక విడిగా ఉంది. నాకు అన్నం సయించలేదు.

చివరికి వాచీల తిరుమలరావు దగ్గరికి వెళ్ళాను. ఆయన వేలికి ఉమ్ము రాసుకుని ఒక్కొక్క మరనే ఎత్తి కాగితంలో వేశాడు. "ఇందల ఏదో ఒకటి పడతాది వదినా" అన్నాడు. ఉమ్ము మరలు చేత్తో పట్టుకోవడం నా వల్ల కాలేదు. గ్లాసులో వేసి వేడినీళ్ళు పోసి, ఆరాక పంపుతున్నాను. ఆ గ్లాసు కూడా పారేశాను.

అసలు సంగతి నీకు గుర్తుందో లేదో. రేపటికి సరిగ్గా రెండు వారాలకి, మంగళవారం, అమ్మవారి పండగ. పసుపునీళ్ళ స్నానం అయిన వెంటనే అమ్మవారి ముఖం ఫోటో తీసి ఊళ్ళో ఇంటింటికీ ఇవ్వడం మా నాన్న, అంటే నీ మావ, మొదలుపెట్టిన పని. కెమెరాలు మారాయి గానీ నీ దగ్గరున్న ఆ లెన్సు మారలేదు. పెళ్ళిళ్ళు వదిలి నువ్వు రాలేనన్నావు కాబట్టి ఈసారి నేనే తీస్తాను. లెన్సు మాత్రం నాలుగు రోజుల ముందే ఇల్లు చేరాలి.

సముద్రపు గాలికి చెవులు కప్పుకో.

నీ
నీలవేణి


భోగాపురం
శుక్రవారం

ఒసే నీలా,

తిరుమలరావు మరలు ఒక్కటీ పట్టలేదు. నువ్వు కడిగినందువల్ల కాదులే. పోయింది ఫోకస్ రింగు మర, ఆవగింజలో సగం ఉంటుంది. అది లేకపోతే రింగు ఉత్తినే తిరుగుతుంది. పెళ్ళికూతురి ముఖం ఉడికిన బంగాళదుంపలా వస్తుంది. అది పడింది ఎండుచేపల కుప్పలో. చెయ్యి పెట్టి వెతికాను, దొరకలేదు. ఇది చదివి ముక్కు మూసుకుంటావని తెలుసు.

ఇక్కడ డ్రోన్ కుర్రాళ్ళు వచ్చిపడ్డారు. ఆకాశంలోంచి తీస్తే నెత్తులు తప్ప ఏం కనిపిస్తాయి? అయినా వాళ్ళకే గిరాకీ. విమానాశ్రయం వైపు వెళ్ళే లారీల దుమ్ముకి నా దగ్గు పెరిగింది.

మొన్న పెళ్ళి కాదు, చావు ఫోటో ఒకటి తీశాను. లక్ష్ముడని, వలలు అల్లే పెద్దాయన. కూతురి కూతురు తులసికి పెళ్ళి కుదిరింది, ఈలోగా పోయాడు.

ఇక మర సంగతి. ఒకటి దొరికింది, చక్కగా కూర్చుంది. ఎక్కడిదని అడగకు. మన ఊరి గంగులు జీపు మీద లెన్సు పంపుతున్నాను. పండగ కాగానే తిరిగి పంపు. ఆ తులసి పెళ్ళికి ఆ లెన్సే కావాలి. ఇంకొకటి పనికిరాదు.

నరసింగరావు


చీపురుపల్లి
ఆదివారం

బావా,

"ప్రియమైన" అని రాయబోతే చెయ్యి రాలేదు.

గంగులు నిన్న సాయంత్రం లెన్సు తెచ్చాడు. టీ ఇచ్చాను. నేనేమీ అడగలేదు, తనే చెప్పాడు. "ఏటొదినా, మీ ఆయనది గుండెకాయేనా? ఆ లక్ష్ముడి సావుకి నానూ ఎల్లినాను. గుమ్మం అవతలే నిల్సున్నాను. శవం కళ్ళజోడు ఒళ్ళో ఎట్టుకుని, అక్కడే కూకుని మర పీకీసినాడు. జనమంతా సూస్తన్నారు, సిగ్గు నేదు" అన్నాడు.

అప్పటికి లెన్సు నా చేతిలో ఉంది. దేవుడి గూట్లో పెడదామని పట్టుకుని నిలబడ్డాను. ఏం చేశానో నాకే తెలియదు, వాకిట్లో కుళాయి పక్కన పెట్టేశాను. చీకటి పడే వేళ తలస్నానం చేశాను. లెన్సు ఇంకా అక్కడే ఉంది, పైన ఒక బొచ్చె బోర్లించాను.

మర తీసేద్దామని పొద్దున్న దగ్గరికి వెళ్ళాను. ఆ ముసలాయన ముక్కు జిడ్డు, కళ్ళ పుసి దానికి అంటి ఉంటాయని తోచి వెనక్కి వచ్చేశాను. ఆ మర ఉన్న లెన్సులోంచి అమ్మవారి కళ్ళలోకి చూడమంటావా నన్ను? ఊరంతా ఆ ఫోటోకి దీపం పెడుతుంది బావా.

సొరుగులో బల్లిని చూసి అసహ్యపడ్డాను గానీ, అది నయం. నీ మీద నాకు ఇలాంటి అసహ్యం ఎప్పుడూ కలగలేదు. బతికున్నవాడి ముఖం మీంచి తీస్తే అరిచేవాడు. అరవలేనివాడి దగ్గర తీసుకున్నావు. ఆ ఇంటి ఆడమనిషి ఏడుస్తూ చూడలేదనుకున్నావేమో.

గురువారం నేనే ఆ ఇంటికి వెళ్ళి మర తిరిగి ఇచ్చేసి, దణ్ణం పెట్టి వస్తాను. నీ గదికి రాను. ఇల్లెక్కడో రాసి గంగులు చేత పంపు, చాలు.

నీలవేణి


భోగాపురం
మంగళవారం

నీలా,

వెళ్ళు. రేవుకి పోయే దారిలో చివరి ఇల్లు, నీలం తలుపు. లక్ష్ముడి పెళ్ళాం పేరు గున్నమ్మ. నేను చెప్తే నువ్వు నమ్మవు, అందుకని ఏమీ రాయడం లేదు. బస్సు దిగాక ఎండ ఎక్కువ, గొడుగు తెచ్చుకో.

నరసింగరావు


చీపురుపల్లి
బుధవారం

ప్రియమైన బావకి,

నిన్న పండగ అయింది. ఫోటో తీశాను. కానీ ముందు గురువారం సంగతి రాయాలి.

గున్నమ్మ వాకిట్లో చేపలు ఆరబెడుతోంది. దారి మలుపులోనే నేను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. ఆవిడ చూసింది. "ఏటమ్మా, వాసనా? కూకో, అలవాటైపోద్ది" అంది. నా ముఖం చూసి ఎవరని కూడా అడగలేదు.

నేను లెన్సు సంచి తీసి, "మా ఆయన మీ ఇంట్లో తప్పు చేశాడు, ఈ మర మీది, ఎవరిచేతైనా తీయించుకోండి" అన్నాను. ఆవిడ చేతిలో చేప అలాగే పట్టుకుని నన్ను చూసింది. తర్వాత నవ్వింది.

"నువ్వు ఫోటోలాయన పెళ్ళానివా? తప్పేటమ్మా? మీ ఆయన ఆ పురుగంత మర నేక రింగు సేత్తో నొక్కుకుని తిప్పలు పడతన్నాడు. ఏటైందయ్యా అని నానే అడిగినాను. ముసలోడి కళ్ళజోడు తీసింది నాను. మర ఇప్పుకో అంటే ఒద్దంటాడు, పారిపోబోనాడు. నాలుగు తిట్టి కూకోబెట్టినాను. అప్పుడు ఇప్పినాడు మీ ఆయన."

ఆవిడ చేతిలో చేప తిరగేసి పరిచి, మళ్ళీ అందుకుంది.

"తులసి పెళ్ళి సూసి పోతానని ముసలోడు రోజూ పోరేవోడు. పోనాడు. కళ్ళజోడు ఆడితోటే కాల్సీసినాం. ఈ మర ఒక్కటీ మిగిలింది. అది ఆ కెమెరాలో కూకుంటే పెళ్ళి సూసినట్టే కదా? నువ్వు పీకించీసినావనుకో, నీ ఇంటికొచ్చి పోట్లాడతాను."

నువ్వెందుకు చెప్పలేదో కూడా ఆవిడే చెప్పింది. నేను మడి మనిషినట, శవం మాట ఎత్తితే లెన్సు గడప దాటనివ్వనట. నా సంగతి ఊరికి చెప్పడానికి నీకు నోరుంది. నాకు చెప్పడానికి లేదు.

అక్కడ మంచినీళ్ళు తాగాను. గ్లాసుకి చేప వాసన ఉంది. తాగాను.

అసహ్యం పోయిందని అబద్ధం రాయను. తిరుగు బస్సులో సంచి ఒళ్ళో పెట్టుకోలేకపోయాను, కాళ్ళ దగ్గరే ఉంచాను. ఇంటికొచ్చి మళ్ళీ తలస్నానం చేశాను. అయినా లెన్సు మళ్ళీ కుళాయి దగ్గర పెట్టలేదు. గడప లోపల పెట్టాను. మూడు రోజులు పోయాక గూటి కింద పెట్టాను.

నిన్న గుడిలో స్నానం అయ్యాక అమ్మవారి ముఖం మీంచి పసుపునీళ్ళు ఇంకా కారుతున్నాయి. పూజారి "తొందరగా కానీయమ్మా" అంటున్నాడు. రింగు మీద పెట్టిన వేలు వెనక్కి తీసుకున్నాను. కళ్ళు మూసుకుని మనసులోనే చెప్పుకున్నాను. అమ్మా, ఇందులో ఒక పెద్దాయన ఉన్నాడు. మనవరాలి పెళ్ళికి పోతున్నాడు, దారిలో నిన్ను చూస్తున్నాడు. నీకు ఇష్టం లేకపోతే ఫోటో పాడుచెయ్యి.

రింగు జారలేదు. అమ్మవారి రెప్పల మీద నీటిబొట్టు కూడా తెలుస్తోంది. మా నాన్న తీసిన వాటిలో కూడా ఇంత స్పష్టంగా రాలేదు. ఒక ప్రతి గున్నమ్మకి పంపుతున్నాను, నువ్వే ఇవ్వు.

నీ సొరుగు కడిగాను. బల్లిని పుల్లతో ఎత్తి పారేశాను. ఈసారి నువ్వొచ్చి వెళ్ళాక అందులో బీడీ ముక్క కనిపిస్తే ఉత్తరం రాయను, మనిషినే అక్కడికి వస్తాను. నాకు తెలియకూడదని ఏదైనా దాచినా అంతే.

లెన్సు గంగులు తెస్తాడు. ఫోటో తీసేటప్పుడు నా వేళ్ళకున్న పసుపు ఆ మర చుట్టూ అంటింది. తుడవకు. పెళ్ళికి పోతున్నాడు కదా, ఉండనీ.

నీ
నీలవేణి