సర్దుకున్నాము అని రాసినందుకు

విద్యుత్ శాఖ డివిజనల్ ఇంజనీరు గారి సముఖమునకు, మిల్లు వెనక వీధిలో కోడిగుడ్లు పొదిగించే కేంద్రం నడుపుకొనే వ్యక్తి సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా దినచర్య పుస్తకంలోని ఒక మాటను ఆధారం చేసుకొని మా వీధికి పగటిపూట కరెంటు తీసివేయుట గురించి.

1. నేను బడికి వెళ్లినవాణ్ణి కాను. గుడ్ల పెట్టెల మీది అక్షరాలు చూసి చదవడం, రాయడం నేర్చుకున్నాను. పదకొండేళ్లుగా ఇంక్యుబేటర్ వేడి, కరెంటు పోయిన వేళ, వచ్చిన వేళ ప్రతిరోజూ రాస్తున్నాను. గుడ్డుకు ఇరవై ఒక్క రోజులు ఒకే వేడి కావాలి. కరెంటు పోతే నేనూ నా భార్యా వేడినీళ్ల సీసాలు పేర్చి, దుప్పట్లు కప్పి కాచుకుంటాము. అరగంట, ముప్పావుగంట అలా గడిచేది. ఆ రోజు వరుస చివర 'సర్దుకున్నాము' అని రాసేవాణ్ణి.

2. కిందటి వేసవిలో వీధి చివర కృత్రిమ మేధ కంప్యూటర్ల భవనం లేచింది. అప్పటి నుంచి కరెంటు పోతే మూడు గంటలు, నాలుగు గంటలు. ఫిర్యాదు చేస్తే తమ కార్యాలయం రుజువు తెమ్మన్నది. నా పుస్తకం ఇచ్చాను. బుద్ధి తక్కువై ఇచ్చాను.

3. రెండు వారాల తర్వాత తమ లైన్ ఇన్‌స్పెక్టరు మా గుమ్మంలో నిలబడి అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"బాబాయ్, లోడు ఎక్కువైతే ముందు మీ వీధికే తీసేయమని ఆర్డరేశారు. నాలుగు వందల పన్నెండు సార్లు పోతే, అన్నిసార్లూ సర్దుకున్నామనే రాశారటగా. ఇంత సర్దుకుపోయే వీధి ఇంకోటి లేదన్నారు పెద్దసారు."

"ఆ బిల్డింగుకి తీయొచ్చుగా?" అంది నా భార్య.

"అమ్మో, దానికి క్షణం ఆగకూడదు పిన్నీ. లోపల కంప్యూటర్లు ఆలోచిస్తుంటాయి."

"పోన్లే, ఎక్కడో ఒకచోట ఆలోచన జరుగుతోంది. మీ ఆఫీసులో అదీ లేదు."

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. మేము నవ్వలేదు.

4. పోయిన విడతలో ఆరువందల గుడ్లు పెట్టాము. ఇరవయ్యో రోజున గుడ్డు చెవికి ఆనించుకుంటే లోపల పిల్ల కూత వినబడుతుంది. ఆ ఉదయం విన్నాము. పదింటికి కరెంటు తీశారు, నాలుగింటికి ఇచ్చారు. నా భార్య ఒక్కొక్క గుడ్డే చెవి దగ్గర పెట్టుకొని, పక్కన పెడుతూ పోయింది. చివరి ట్రేకి వచ్చేసరికి వినడం మానేసింది.

కావున నా పుస్తకం నాకు ఇప్పించి, ముందుగా కరెంటు తీసే వీధుల జాబితా నుంచి మా వీధిని తొలగించవలెను. 'సర్దుకున్నాము' అంటే మాకు ఫరవాలేదని కాదు. తమకు చెప్పుకొని లాభం లేదని.

తీరికైనప్పుడు కాదు, ఇప్పుడే చిత్తగించవలెను.

జతపరచినది: మూతకు చిల్లులున్న పెట్టె ఒకటి.

ఇంతవరకు తమ విధేయుడు,
గుడ్ల కేంద్రం, మిల్లు వెనక వీధి.

తా.క.: పెట్టెలో ఈ విడత గుడ్లు నలభై ఉన్నాయి. ఈ రోజు వాటికి ఇరవయ్యో రోజు. పదింటికి మా వీధిలో కరెంటు పోతుంది, తమ గదిలో పోదు. అందుకని తమ బల్ల మీద పెట్టి, లోపలి బల్బు తీగ పక్క ప్లగ్గుకు తగిలించాను. స్విచ్ తమ చేతికి అందేంత దూరంలోనే ఉంది. చెవి ఆనిస్తే కూతలు వినబడతాయి. ఆగిపోతే, ఏ వేళకు ఆగాయో ఒక కాగితం మీద రాసి, చివర సర్దుకున్నాము అని మీరే రాసుకోండి.