లైవులో ఏడు నిమిషాలు

హల్, ఇంగ్లండ్,
సోమవారం.

ప్రియమైన డీన్,

నా రాత చూసి నవ్వకు. తప్పులుంటే నువ్వే సరిచేసుకుని చదువుకో. బడి మానేశాక చేత్తో రాయడం నీకోసమే మళ్లీ నేర్చుకుంటున్నాను. నీకంటే ముందు ఈ కవరు చింపి చదివే జైలు ఆఫీసరుగారు కూడా నవ్వొద్దని మనవి. ఇక్కడ నేనూ, మన పిల్లి బిస్కెట్టూ బాగున్నాం. దాని చెవి పుండు మానింది, నువ్వు అడిగావుగా. అక్కడ నువ్వు వేళకి తింటున్నావనీ, ఎవరి జోలికీ పోవడం లేదనీ నమ్ముతున్నాను.

నీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు గుచ్చుకున్నాయి. ఒకటి, మన గుమ్మం ముందు ఫైలు పట్టుకుని రెండుసార్లు నిలబడ్డ మగమనిషి ఎవడని. అది నీకు మీ అమ్మ రాసి ఉంటుంది. ఆవిడకి ఆ కబురు మోసింది పక్కింటి మోరీనే అయ్యుండాలి. రెండోది, ఇంట్లోనే ఉన్నావో లేదో కనిపెట్టే పట్టీ కాలికి కట్టి పద్నాలుగో తేదీన నిన్ను ఇంటికి పంపాల్సి ఉండగా, ఇంటి తనిఖీ ఇంకా కాలేదని ఎందుకంటున్నారని.

మొదటిదానికి ముందు జవాబు. అతన్ని నేను టీవీ లైసెన్సు మనిషి అనుకున్నాను.

నువ్వు వెళ్లాక ఏటా కట్టే టీవీ లైసెన్సు డబ్బు ఆపేశాను కదా. దొంగతనంగా చూడటం లేదు, ఒట్టు. ఏ ఛానెలైనా సరే, వస్తున్నప్పుడే చూడాలంటే లైసెన్సు కావాలి. బీబీసీ వాళ్ల ఆప్‌లో అయితే ఎప్పుడు చూసినా కావాలి. మిగతావాళ్లవి అయిపోయాక వాళ్ల ఆప్‌లో తీరిగ్గా చూసుకుంటే అక్కర్లేదు. ఆ సంగతి లైసెన్సు వాళ్లకి తెలియజేశాను కూడా. యాంటెన్నా తీగ పీకి, నీ పాత మేజోడులో చుట్టి సొరుగులో పెట్టాను. నా సీరియల్ మర్నాడు టీ తాగుతూ చూస్తాను. అప్పటికే గోడ అవతల మోరీన్ పెట్టిన కేకల్ని బట్టి సగం కథ తెలిసిపోయి ఉంటుంది. గోడలోంచి వినడానికీ లైసెన్సు కావాలా అని అడిగితే, “గట్టిగా అనకు బంగారం, వాళ్లు విన్నారంటే దానికీ ఓ ఫారం అచ్చేస్తారు!” అంది.

అయినా ఎప్పుడైనా మనిషి వచ్చి చూసుకోవచ్చని జవాబొచ్చింది. అప్పట్నుంచి వీధిలో ఆగిన ప్రతి తెల్ల వ్యానునీ అనుమానించాను. మోరీనేమో, “మెళ్లో కార్డు వేలాడేవాడు ఎవడొచ్చినా తలుపు తియ్యకే. తియ్యాలన్న రూలు లేదు. మా ఆయన బతికున్న రోజుల్లో ఇద్దరం సోఫా వెనక దూరేవాళ్లం,” అని నూరిపోసింది. ఇప్పుడావిడకి లైసెన్సు ఉంది. ఇదంతా నాకెందుకు చెబుతోంది, నా నోట్లోంచి ఏదైనా లాగాలనా అని ఆవిడనీ అనుమానించాను.

ఆ మనిషి వచ్చాడు. మెళ్లో కార్డు, చేతిలో ఫైలు. బిస్కెట్టును ఒళ్లో అదిమిపెట్టుకుని సోఫా వెనక కూర్చున్నాను. “మిసెస్ పర్కిస్, లోపల ఉన్నారా?” అన్నాడు కిటికీ దగ్గర నిలబడి. నా పేరు కూడా తెలుసునని మరీ హడలిపోయాను. మూడు రోజులకి మళ్లీ వచ్చి, తలుపు సందులోంచి ఒక కవరు పడేసి వెళ్లాడు. దాన్ని విప్పకుండా ఆ మేజోడు పక్కనే పెట్టేశాను.

నీ ఉత్తరం చదివాక ఆ కవరు మోరీన్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చదివి కుర్చీలో కూలబడింది.

“ఓసి పిచ్చిదానా, ఇతను టీవీ మనిషి కాదే! మీ ఆయన్ని ఈ ఇంటికి పంపొచ్చో లేదో చూడటానికొచ్చిన ప్రొబేషన్ ఆఫీసరు! నా నోరు పడిపోను, మీ అత్తతో వాగిందీ నేనే, నిన్ను దాక్కోమన్నదీ నేనే.”

ఆవిడ ఏడుస్తుంటే తిట్టబుద్ధి కాలేదు.

తప్పు చెయ్యనిదానివి ఎందుకు దాక్కున్నావని అడుగుతావు. ఒక్కసారి చేశాను, డీన్. మార్చిలో ఒక ఆదివారం, మీ జైల్లో గొడవ జరిగిందనీ, ఎవరికో బాగా దెబ్బలు తగిలాయనీ వీధిలో అన్నారు. నీ ఫోను రాలేదు. జైలుకి చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఆ వార్తలు మర్నాటిదాకా ఆగి చూడటం నావల్ల కాలేదు. ఆప్‌లో లైవు నొక్కాను. ఏడు నిమిషాలు. నీ పేరు చెప్పలేదు, గేటు మాత్రం చూపించారు. వెంటనే కట్టేశాను. అప్పట్నుంచి ఎవరు తలుపు తట్టినా ఆ ఏడు నిమిషాల కోసమే వచ్చారనిపించేది.

ఇవాళ ఆ ఆఫీసరుకి నేనే ఫోను చేశాను. “మీరొచ్చిన రెండుసార్లూ సోఫా వెనకే ఉన్నానండీ, టీవీ లైసెన్సు మనిషనుకుని,” అన్నాను. “మీ టీవీతో నాకేం పనమ్మా? పట్టీ తాలూకు పెట్టె ఒకటి పెడతారు, దానికి ఖాళీ ప్లగ్గుందా లేదా చెప్పండి,” అన్నాడు. గురువారం పదింటికి వస్తాడు. పద్నాలుగుకి అందకపోవచ్చు, ఓ వారం ఆలస్యం కావొచ్చన్నాడు. ఆ వారం పోయింది నావల్లే. దానికి ఎంతైనా తిట్టు. వేరే మగవాడని మాత్రం అనుకోకు.

ముందు గదిలో ఉన్నది ఒక్కటే ప్లగ్గు. అందులోంచి టీవీది పీకేశాను. ఇక అది నీ పెట్టెకే.

ఏడు నిమిషాల సంగతి ఇంకెవరి కంటా పడకూడదు. ఈ కవరు చింపే జైలు ఆఫీసరుగారు దయచేసి మర్చిపోవాలి. నువ్వు ఈ ఉత్తరం కాల్చెయ్యి. అక్కడ అగ్గిపుల్ల దొరకదని తెలుసు. జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చి, మన వంటింటి స్టవ్వు మీద నీ చేత్తోనే కాల్చు.

ఇట్లు,
ఈసారి తలుపు తీసే
నీ భార్య
కేలీ