పారేశారా, కలిపారా?

ఆదివారం, రాత్రి

ఒళ్ళు మండిపోతోంది. గవర్నర్‌పేటలో బ్లాగింగ్ క్లాసులో చేరాక నేను రాసిన మొదటి పోస్టు ఇది: "పూజ పూలను ప్లాస్టిక్ కవర్లలో కట్టి బందరు కాలవలో పారేస్తున్నారు. ఆదివారం రండి, కలిసి తీద్దాం."

మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు నిన్ననే ఫోన్ చేశారు. "పారేస్తున్నారేంటండీ? కాలవలో కలుపుతున్నాం. ఆ మాట మార్చండి, అందరూ బాధపడుతున్నారు."

నిజంగానే తప్పుగా రాశానా అని నిన్నంతా ఒకటే మథనం. మా అత్తయ్యగారు కూడా ‘కలపడం’ అనే అంటారు మరి.

పొద్దున నలుగురం గట్టు కింద చెత్త తీస్తుంటే వంతెన మీద స్కూటర్ ఆగింది. ఆయనే. "చాలా మంచి పని చేస్తున్నారండీ!" అని మెచ్చుకుని, హ్యాండిల్‌కి తగిలించిన కవరు తీసి కళ్ళకద్దుకుని, మా పక్కనే నీళ్ళలోకి విసిరి వెళ్ళిపోయారు! దాన్ని కర్రతో లాగాను. వేసిన ముడి వేసినట్టే ఉంది. లోపల బంతిపూలకి తడి కూడా తగల్లేదు. ఇంక నీళ్ళలో కలిసిందేమిటి?

ఇందాక మళ్ళీ మెసేజ్: "మాట మార్చారా అండీ?"

మార్చాను. ‘పారేస్తున్నారు’ తీసేసి, ‘ముడి కూడా విప్పకుండా పారేస్తున్నారు’ అని పెట్టాను.