తెర మీది పసుపు మరక

చంద్రకళా బిడ్డా, ఇది మీ అత్తకు గట్టిగా చదివి వినిపించు. నేను ఎదురుగా చెబితే కొట్లాటకు వస్తది.

సినిమా మిషన్ ముట్టొద్దు. ముందరి అద్దం తుడవొద్దు. బొమ్మ మసకగా ఉందని మూడు రోజులు నేనే అద్దం తుడిచిన, బల్బు మార్చిన, బల్ల ముందుకూ వెనుకకూ జరిపిన. "మసక మిషన్‌కు కాదు, నీ కండ్లకే" అన్నది మీ అత్త. నిన్న సినిమా వేయించుకున్న పెండ్లివాళ్లు కూడా తెర నడుమ మరక చూసి నవ్విన్రు.

పొద్దున తెరగుడ్డను ఎండలో పరిచి చూసిన. అన్నీ పసుపు చేతి గుర్తులే, ఒక్క చోటనే. ఏడుపాయల జాతర రీలులో మీ ఆడబిడ్డ ఈశ్వరి నవ్వే చోటు అది. పిల్ల పోయి రెండేండ్లాయె. ఇంట్లో ఆ రీలు వేసినప్పుడల్లా మీ అత్త వంటింట్ల నుంచి లేచి వచ్చి తెర సర్దుతుందనుకున్న. పిల్ల బుగ్గ నిమురుతుందని తెలువకపాయె.

పెండ్లిండ్లకు కొత్త గుడ్డ కొననీకి రామాయంపేట పోతున్న. ఆ కొత్తదానికి చెయ్యి తగిలితే మాత్రం ఊరుకోను.

మీ మామ సాయిలు

పాత గుడ్డ ఉతకొద్దు బిడ్డా. మడిచి మీ అత్త పెట్టెలో పెట్టు. ఆ రీలుకు అదే కడుత.